మూత మీద గంధం బొట్టు

ఇంజను గాలిలో ఆగిపోతే ఏం చేయాలో పైలట్లకు నేర్పుతారు. అది ఎందుకు ఆగిందో కనిపెట్టడం మాకు, అంటే నేల మీద ఉండే ఇంజనీర్లకు నేర్పుతారు. ఆగిన తర్వాత తప్పు ఎవరి మీదికి తోయాలో మాత్రం ఎవరూ నేర్పరు. అది అందరికీ దానంతట అదే వచ్చేస్తుంది. నాకూ వచ్చింది.

ముప్పై ఏళ్లకు పైగా విమానాల ఇంజన్లు విప్పాను, బిగించాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, మీ అనుభవాలు చెప్పండి సార్ అంటారు. ప్రమోషన్ల సంగతి ఎత్తితే వాళ్లు ఆవలిస్తారు. నిజం చెప్పాలంటే నాకూ ఆవలింత వస్తుంది. అందుకని ఒక్క మూత సంగతి రాస్తున్నాను. అరచేతిలో పట్టే ఇత్తడి మూత. దాని వల్ల ఒక మనిషి ప్రాణం పోబోయింది, ఇంకో మనిషి పరువూ కూడూ పోబోయాయి. రెండూ నా చేతి పుణ్యమే.

మా పని అంటే

యాభైల చివరి సంవత్సరాల్లో ఆదోని చుట్టుపక్కల పత్తికి పురుగు విపరీతంగా పట్టింది. ఆదోని పత్తి వ్యాపారులు కొందరు రైతులతో మాట్లాడుకుని మద్రాసు నుంచి మా కంపెనీ విమానాన్ని పిలిపించారు. పేరుకు విమానం. రెండు వరసల రెక్కలు, మధ్యలో గుడ్డ చుట్టిన చట్రం, ముందు ఒక ఇంజను. యుద్ధకాలంలో కొత్త పైలట్లకు చదువు చెప్పి రిటైరైన బండి అది. దాని ముందు సీటు పీకేసి, అక్కడ పురుగుమందు పొడి పోసే తొట్టి కూర్చోబెట్టారు. ఎమ్మిగనూరు రోడ్డు పక్కన గట్టి గరుసు నేల చూసి, రోలరు తొక్కించి, దానికి రన్‌వే అని పేరు పెట్టుకున్నాం. ఒక టెంటు, వరసగా పెట్రోలు డ్రమ్ములు, మందు బస్తాలు. అదే మా విమానాశ్రయం.

ఇంజనీరు అనగానే తెల్లచొక్కా ఊహించుకుని ఈ పనిలోకి రాకండి. తెల్లవారకముందే లేచి, చన్నీళ్లు కొట్టుకుని, ఒళ్లంతా నూనె పూసుకునే పని ఇది. ఆ రోజుల్లో మందు పొడికి జాగ్రత్త అంటే మూతికి తువ్వాలు కట్టుకోవడం. అది ఎంత బుద్ధితక్కువ పనో ఇప్పుడు తెలుసు. అప్పుడు మేము దాన్ని మగతనం అనుకున్నాం.

నేను ఎమ్మిగనూరు వాణ్ణి. మా ఇంట్లో మగ్గం ఉండేది, నాయన చీరలు నేసేవాడు. తెగిన పోగు ఎక్కడుందో వెతికే కన్ను నాకు ఆయన దగ్గర నుంచే వచ్చింది. మద్రాసులో పని నేర్పిన ముసలి మేస్త్రీ ఒకే ఒక్క మాట రోజూ చెప్పేవాడు. "చూసి సంతకం పెట్టకురా, ముట్టి సంతకం పెట్టు." ప్రతి బోల్టునూ, ప్రతి తీగనూ వేలితో ముట్టిన తర్వాతే విమానం ఎగరడానికి పనికొస్తుందని సంతకం చేయాలి. నేను అట్లాగే చేసేవాణ్ణి. బాగా చేసేవాణ్ణి కూడా. ఇందులో వినయం నటించడం నాకు చేతకాదు, ఆ జిల్లాలో అంత శ్రద్ధగా ఇంజను చూసేవాడు ఇంకొకడు లేడు. అసలు ఆ జిల్లాలో ఇంజనీరే ఇంకొకడు లేడు, అది వేరే సంగతి.

దావీదన్న

పెట్రోలు పోసే పని దావీదన్నది. ఆదోని పక్కన ఒక పల్లె. యాభై దాటిన మనిషి, ఎముకలు గట్టివి, మాటలు తక్కువ. అంతకు ముందు పాతికేళ్లు జిన్నింగు మిల్లుల్లో పత్తి బోరాలు మోశాడు. ఆదివారం పొద్దున మాత్రం ఎవరు పిలిచినా రాడు, చర్చికి పోతాడు.

డ్రమ్ములో పెట్రోలు ఎండకూ మంచుకూ లోపల కాస్త నీరు పట్టుకుంటుంది. ఆ నీరు ఇంజనులోకి పోతే ఇంజను ఆగుతుంది. అందుకని గరాటాలో జింకతోలు పరిచి, దాని మీదుగా పోస్తాం. తోలు పెట్రోలును వదులుతుంది, నీటిని వదలదు. విని ఊరుకుంటే ఇది సులువైన పనే. ఎండలో నిలబడి, చిన్న ధారగా, తొందరపడకుండా గంటసేపు పోయాలంటే ఎంతమందికి ఓపిక ఉంటుంది? దావీదన్నకు ఉండేది. ఆ తోలును బిడ్డను చూసుకున్నట్టు చూసుకునేవాడు. ఉతికి, నీడన ఆరేసి, వేళ్లతో సాగదీసి, ఎండకెత్తి ఒక్క చిల్లు కూడా లేదని చూసుకుని మడిచి పెట్టేవాడు.

ఒకసారి నేను తొందరపెడితే అన్నాడు. "బోరాలు మోసేటప్పుడు నన్ను ఎవరూ పేరు పెట్టి పిలిసినోళ్లు ల్యా సారూ. 'ఒరే' అంటే వచ్చేవాణ్ణి. ఈడ పైలట్ దొర నా తోలు సూసి, 'దావీదు పోసినాడు కదా, సాలు' అని ఎక్కుతాడు. దీన్ని పరుగు మీద పొయ్యలేను."

పైలట్ దొర అంటే కెప్టెన్ సుందరం గారు. బెజవాడ వైపు మనిషి, ఎప్పుడూ నవ్వు మొహం. చెట్టు కొమ్మల ఎత్తున విమానం తోలడం ఆయనకు సైకిలు తొక్కినంత తేలిక.

ఇక మూత. పెట్రోలు ట్యాంకు పై రెక్క నడుమ ఉంటుంది. అక్కడి నుంచి పెట్రోలు తన బరువుతో తానే ఇంజనులోకి దిగుతుంది. ట్యాంకు మూత మధ్యలో సూదంత రంధ్రం. కిరసనాయిలు డబ్బాకు ఒక్క చిల్లే పొడిస్తే నూనె గుడగుడమని ఆగి ఆగి వస్తుంది, రెండో చిల్లు పొడిస్తే ధారగా వస్తుంది, ఈ సంగతి మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఆ రెండో చిల్లు మూతలోని రంధ్రం. అది మూసుకుపోతే గాలి దూరదు, గాలి దూరకపోతే పెట్రోలు దిగదు. అందుకని ప్రతి పొద్దూ ఒక చీపురు పుల్ల చెవిలో దోపుకుని స్టూలు ఎక్కి, ఆ రంధ్రంలో దూర్చి తీసేవాణ్ణి. కింద నిలబడి దావీదన్న రోజూ చూసేవాడు.

మహర్నవమి

దసరా వచ్చింది. మహర్నవమి నాడు ఆయుధపూజ. మాకు పత్తి వ్యాపారుల తరఫున అన్నీ చూసే గుండప్ప శెట్టి గారు సాయంత్రం బండెడు బంతిపూలు, కొబ్బరికాయలు, గుమ్మడికాయ వేసుకుని వచ్చారు. పెద్ద పొట్ట, పెద్ద గొంతు, పెద్ద మనసు ఉన్న మనిషి. మర్నాడు విజయదశమి పొద్దున పురుగు ఎక్కువగా ఉన్న ఉరుకుంద వైపు చేలల్లో పని మొదలుపెట్టాలని ఆయన పట్టు. మంచి దినం అని.

పొద్దున చెమ్మ పట్టకుండా ముందురోజు సాయంత్రమే ట్యాంకు నిండుగా నింపిపెట్టడం మా పద్ధతి. దావీదన్న నింపి, మూత బిగించి దిగాడు. తర్వాత పూజ. నేనే చేశాను. ఆయుధం ఎవరిదో పూజ వాళ్లదే కదా. ఫ్యానుకు, చక్రాలకు, తోకకు, నా స్పానర్ల పెట్టెకు, అన్నింటికీ గంధం, కుంకుమ. కొబ్బరికాయ కొట్టబోతుంటే శెట్టి గారు ఆపారు.

"ఏమప్పా నారాయణా, పక్షికి ఒళ్లంతా బొట్లు పెట్టినావు, నోటికి పెట్టల్యా?"

"దీనికి నోరు యాడుంది శెట్టి గారూ?" అన్నాను.

"పెట్రోలు తాగేది యాడనో అదే నోరు! ఎక్కు, ఎక్కు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి స్టూలు ఎక్కాను. మూత నడుమ గంధం దట్టంగా అద్ది, పైన రూపాయంత కుంకుమ బొట్టు పెట్టాను. శెట్టి గారు చెప్పారు కాబట్టి పెట్టానని నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. ఆయనకు మూతలో రంధ్రం ఉందని తెలియదు. నాకు తెలుసు.

టెంటు దగ్గర ఎడంగా నిలబడిన దావీదన్న రెండడుగులు ముందుకొచ్చాడు.

"సారూ, ఆ మూతకి గూడ పెడతాండావా?"

"పండగ దావీదన్నా. ఇది మా పద్ధతి, నీకు తెలీదులే" అన్నాను.

ఆయన వెనక్కి పోయి తోలు మడుచుకున్నాడు.

విజయదశమి పొద్దు

మర్నాడు పొద్దున మా జెండా కూలీల్లో సగంమంది లేరు. చేనుకు ఆ చివర ఈ చివర జెండాలు పట్టుకుని పైలట్‌కు వరస చూపించేది వాళ్లే. కర్రలు భుజాన వేసుకుని దేవరగట్టుకు పోయారు. ఆ రాత్రి అక్కడ ఉత్సవ విగ్రహం కోసం ఊళ్లూ ఊళ్లూ కర్రలతో తలపడే సమరం, ఆ ఊళ్లవాళ్లను విమానం కాదు కదా ఏదీ ఆపలేదు. ఉన్నవాళ్లతో సర్దుకుని తొందర తొందరగా అన్నీ చూశాను. అన్నీ ముట్టాను. చివరికి చీపురు పుల్ల చెవిలో దోపుకుని స్టూలు ఎక్కాను.

మూత నడుమ ఎర్రగా బొట్టు. గంధం రాత్రికి రాత్రి ఎండి గట్టిపడింది.

పుల్ల బొట్టు దాకా పోయి ఆగింది. గుచ్చడానికి చేయి రాలేదు. పండగ పూట, అమ్మవారికి పెట్టిన బొట్టు చెరపడమా? మన ఇళ్లలో బొట్టు చెరపడం అనే మాట నోటితో అనడానికే భయపడతారు. ఎందుకో తెలుగువాళ్లకు నేను చెప్పక్కర్లేదు. గంధమే కదా, ఎక్కడో బీటలిచ్చి ఉంటుంది, గాలి దూరుతుందిలే అనుకున్నాను. పుల్ల మళ్లీ చెవిలో దోపుకుని దిగి, సంతకం పెట్టాను.

మద్రాసు మేస్త్రీ మాటను నేను జవదాటింది ఆ ఒక్క పొద్దే. ముట్టకుండా పెట్టిన సంతకం అదొక్కటే.

ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. కెప్టెన్ గారు చేయి ఊపి లేచిపోయారు. మాకు కళ్లకంటే చెవులే ఎక్కువ పనిచేస్తాయి. దూరాన చేల మీద వాలుతూ, లేస్తూ, మలుపు తిరుగుతూ ఉన్న చప్పుడు వింటూ టీ తాగుతున్నాను. ఇంజను ఒకసారి దగ్గింది. గ్లాసు కింద పెట్టాను. మళ్లీ అందుకుంది. మళ్లీ దగ్గింది. ఆ తర్వాత ఏమీ లేదు. కాకులు అరవడం వినిపించింది.

జీపులో నేనూ దావీదన్నా ఎట్లా పోయామో నాకు గుర్తు లేదు. దారిపొడుగునా "స్వామీ, మనిషి ఉండాల, మనిషి ఉండాల" అని ఆయన గొణుక్కోవడం మాత్రం గుర్తుంది. నా లోపల కూడా అదే మాట.

రేగడిలో

గాలిలో ఏం జరిగిందో కెప్టెన్ గారు తర్వాత చెప్పారు. వరస ముగించి పైకి లేచే సమయానికి ఇంజను చచ్చింది. ఎత్తు రెండు తాటిచెట్లంత. ఎదురుగా ఉన్నది మంచి ఎండునేల, దిగడానికి ఇంకేం కావాలి? కానీ ఆ నేల మీద గడ్డి కోసే ఆడవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. చప్పుడు ఆగేసరికి వాళ్లు పరిగెత్తకుండా నోళ్లు తెరుచుకుని పైకి చూస్తూ నిలబడిపోయారు. ఆయన తొట్టి మీట లాగి మందంతా ఒక్కసారిగా కిందికి వదిలేసి బరువు తగ్గించుకున్నారు, ముక్కు పక్కకు తిప్పి తడి రేగడిలో పత్తి మీద దించారు. చక్రాలు మోకాటి లోతున దిగబడ్డాయి. తోక పైకి లేచింది, ఫ్యాను విరిగింది, ముక్కు మట్టిలో దిగి విమానం ఆగింది.

మేము పోయేసరికి ఆయనను కిందికి దింపి గట్టు మీద కూర్చోబెట్టారు. భుజం ఎముక విరిగింది, పెదవి చిట్లింది. ప్రాణం ఉంది. చేను గల బసమ్మ అనే ముసలామె, నెత్తి నుంచి పాదాల దాకా మందు పొడితో తెల్లగా, చెంబుతో నీళ్లు తాపుతూ తిడుతోంది.

"దిగడానికి నీకు ఈ సేనే దొరికిందా నాయనా! నా కోడండ్లు ఆడ ఉంటే ఈడ దిగినావంట. బతికినావు, అది సాలు. పత్తి పోతే పోనీలే. తాగు, తాగు."

కెప్టెన్ గారు నన్ను చూసి నవ్వబోయి, పెదవి నొప్పికి ఆపేశారు. "ఏమయ్యా నారాయణా, పెట్రోలు అందలేదయ్యా ఇంజనుకి. ట్యాంకు నిండుగా ఉంది. చూడు ఏమిటో."

చూశాను. ముక్కు కిందికీ తోక పైకీ ఉన్న విమానం ఎక్కి, పై రెక్క పట్టుకుని వేలాడుతూ మూత తిప్పాను. సుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. చిన్న చప్పుడు. ఆ చేలో అది నాకొక్కడికే వినబడింది. నాకు అంతా తెలిసిపోయింది.

అప్పుడు నేను చేసిన పని రాయడానికే ఇదంతా రాస్తున్నాను. మూత మీద గంధాన్ని బొటనవేలితో రుద్దేశాను. బొట్టు చెరపడానికి పొద్దున రాని చేయి అప్పుడు ఎంత సులువుగా వచ్చిందో! గోటితో గీకి, రంధ్రం ఊది, మూత బిగించాను. తిరిగి చూస్తే కింద దావీదన్న నిలబడి ఉన్నాడు. ఆయన మూత వైపు చూడలేదు. పచ్చగా, ఎర్రగా ఉన్న నా బొటనవేలి వైపు చూస్తున్నాడు.

మేనేజరు

మా మేనేజరు పురుషోత్తం గారు ఆదోని నుంచి కారులో వచ్చారు. చెడ్డమనిషి అని నేను అనను. ఆయనకు నిజం అక్కర్లేదు, కారణం కావాలి. మీ బతుకులో ఇట్లాంటి పెద్దలు చాలామంది తగులుతారు. పెట్రోలు గొట్టం విప్పించి అడుగున ఉన్న చిన్న గాజు గిన్నె చూశారు. అందులో రెండు నీటి చుక్కలు ఉన్నాయి. ఏ విమానం గిన్నె విప్పినా రెండు చుక్కలు ఉంటాయి, అందుకే ఆ గిన్నె పెట్టింది. ఆయన దాన్ని ఎండకెత్తి అందరికీ చూపించారు.

"నీళ్లు. పండగ మత్తులో తోలు లేకుండా పోశాడు వీడు."

"పండగ నాది కాదు సారూ. మత్తు గూడ నాది కాదు. నేను వడగట్టినా" అన్నాడు దావీదన్న.

"మరి ఇంజను ఎందుకు ఆగింది?"

దావీదన్న నా వైపు చూశాడు. నా బొటనవేలు పిడికిట్లో దాచుకుని ఉన్నాను. చాలాసేపు చూశాడు.

"నాకు తెల్దు సారూ. నేను వడగట్టినా."

"రేపటి నుంచి రావద్దు. నీ పేరు రిపోర్టులో రాస్తున్నాను. పైలట్‌ని చంపబోయినవాణ్ణి ఇంకే మిల్లులో పెట్టుకుంటారో చూద్దాం."

నాకు నోరు లేవలేదు. నోరు తెరిస్తే నా లైసెన్సు పోతుంది, మూసుకుంటే ఆయన పేరు పోతుంది. ఆ లెక్క నాకు అప్పుడే తెలుసు. మూసుకున్నాను. అందరం టెంటుకు తిరిగొచ్చాక దావీదన్న తోలును నాలుగు మడతలు పెట్టి, డ్రమ్ము మీద పెట్టి, చెప్పులు వేసుకుని నడిచిపోయాడు.

తడిగుడ్డ

ఆ సాయంత్రం జమ్మి ఆకు ఇచ్చి నాయన కాళ్లకు దండం పెట్టడానికి ఎమ్మిగనూరు బస్సు ఎక్కాను. పండగ కదా, పోకపోతే అడుగుతారు. అన్నం ముందు కూర్చున్నాను, ముద్ద దిగలేదు.

పొద్దున లేచేసరికి నాయన గుంట మగ్గం దగ్గర ఉన్నాడు. మహర్నవమికి పూజ చేసిన మగ్గం. పండగ రెండు దినాలూ దాన్ని ముట్టలేదు. ఇప్పుడు తడిగుడ్డతో అడ్డపోగు తోసే నాడె మీద గంధం, పలకల మీద బొట్లు ఒక్కొక్కటే తుడుస్తున్నాడు. నేను నిలబడి చూశాను.

"నాయనా, దేవునికి పెట్టిన బొట్టు అట్ల తుడుస్తే దోసం కాదా?"

ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"తుడవకుండా కూసుంటే నూలుకు అంటదా? దేవుడు వచ్చినాడు, పూజ తీసుకున్నాడు, పోయినాడు. ఇంక ఇది పనిముట్టు. తుడిసి, దండం పెట్టి కూసుంటాం. మా నాయన అట్లనే సేసె. ఏం నారాయణా, చిన్నప్పుడు ఈ గుడ్డ పిండి ఇచ్చేది నువ్వే గదరా! మరిసినావా?"

మరిచాను. పూజ చేయడం గుర్తు పెట్టుకున్నాను, పండగ రెండు దినాలు పనిముట్టును ముట్టకూడదనీ, ముట్టే ముందు తుడవాలనీ మరిచాను. పద్ధతిలో నాకు సొంపుగా ఉన్న సగం మోసుకుపోయి, ఆ సగంతో ఒక మనిషిని గాలిలోకి పంపాను. పైగా దావీదన్నతో, నీకు తెలీదులే అన్నాను!

అక్కడే మగ్గం గుంట అంచున కూర్చుని నాయనకు అంతా చెప్పాను. బొటనవేలి సంగతి కూడా. అయిపోయాక గుడ్డ పిండి, దండెం మీద ఆరేశాడు.

"ఆదోని బస్సు ఎన్ని గంటలకు?" అన్నాడు.

కాగితం

మేనేజరు గారు వినగానే తలుపు మూశారు. "నీకేమన్నా పిచ్చా? రిపోర్టు రాసేశాను. నువ్వు పోతే కొత్త విమానం వచ్చినా చూసేవాడు ఎవడు? వాడు కూలివాడు, ఇంకో పని చూసుకుంటాడు. నీ చదువు, నీ లైసెన్సు..."

ఆయన చెప్పిన ప్రతి మాటా నిన్న నేను నాకు చెప్పుకున్నదే. ఇంకొకరి నోట వింటే ఎంత అసహ్యంగా ఉందో! కాగితం తీసుకుని ఆయన బల్ల మీదనే రాశాను. మూత మీద గంధం పెట్టింది నేను, పొద్దున చూసి కూడా తీయనిది నేను, తర్వాత చెరిపింది నేను, పెట్రోలులో ఏ దోషమూ లేదు. కింద సంతకం పెట్టాను. అంత నిబ్బరంగా నేను ఏ విమానానికీ పెట్టలేదు. ఆ కాగితం చేతికొచ్చాక దావీదన్నను మళ్లీ పనికి రమ్మనక మేనేజరుకు తప్పలేదు.

ఆసుపత్రిలో కెప్టెన్ గారికి చెప్పాను. ఆయన నవ్వు మొహం మొదటిసారి మాయమైంది.

"ఆ ఆడవాళ్లు ఒక్క అడుగు ఇటు ఉంటే ఏమయ్యేది నారాయణా?"

"నాకు తెలుసండీ."

"తెలుసుకునే ఉండు. నువ్వు చెప్పకపోయి ఉంటే, నీ చేతి విమానం ఈ జన్మలో ఎక్కేవాణ్ణి కాదు. ఇప్పుడు ఎక్కుతాను. ఆ మూత నేను చూశాకే అనుకో."

దావీదన్న వాళ్ల పల్లెకు నడిచే పోయాను. ఇంటి ముందు రాతి మీద కూర్చుని ఉన్నాడు. మేనేజరు మళ్లీ పనికి రమ్మన్నాడని, తప్పు నాదని రాసిచ్చానని చెప్పాను. కాళ్లు పట్టుకోబోయాను. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

కథల్లో అయితే ఇక్కడ ఇద్దరూ కౌగిలించుకోవాలి. ఆయన కోపంగా లేచి నిలబడ్డాడు.

"ఒక దినం సారూ. ఒక దినమంతా నా పిల్లోళ్ల ముందర దొంగ మాదిరి కూసున్నా. ఊర్లో మనిషిని సంపబోయినాడన్నారు. నేను అడిగితి గదా, ఆ మూతకి గూడ పెడతాండావా అని. అడిగితి గదా! నాకు తెలీదంటివి. ఆ దినాన్ని యాడ నుంచి తెచ్చిస్తావు?"

"నిన్న ఆ చేలో నా వేలు చూసినావే, మేనేజరుకు ఎందుకు చెప్పలేదు దావీదన్నా?" అని అడిగాను.

"సెప్తే నమ్ముతాడా?" అన్నాడు. తర్వాత, "నువ్వు సెప్తావేమో సూద్దామని" అన్నాడు.

ఏడాది మగ్గం

మద్రాసు నుంచి వచ్చిన అధికారి నా కాగితం చదివి లైసెన్సు ఏడాది పాటు ఆపారు. అది తక్కువ శిక్షే. ఆ ఏడాది ఎమ్మిగనూరులో నాయన పక్కన మగ్గంలో కూర్చున్నాను. నేను నేసిన మొదటి రెండు చీరలు ఆయన ఎవరికీ చూపించకుండా మూలన పడేశాడు. మూడోది పరవాలేదన్నాడు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. దేవుణ్ణి నమ్మండి, నమ్మకపోండి, అది మీ ఇష్టం. మీ కింద పనిచేసేవాడు ఒక ప్రశ్న అడిగితే మాత్రం పని ఆపి వినండి. చదువు లేనివాడు అడిగితే ఇంకా బాగా వినండి, ఎందుకంటే వాడు ధైర్యం కూడగట్టుకుని ఒక్కసారే అడుగుతాడు. తప్పు చేయని ఇంజనీరును నేను చూడలేదు. తప్పును వేలితో రుద్దేసినవాళ్లను చూశాను, అద్దంలో ఒకణ్ణి చూశాను. ఆ రుద్దడం మొదటి తప్పుకంటే పెద్దది.

ఏడాది తిరిగింది. లైసెన్సు వచ్చింది, కొత్త విమానం వచ్చింది, కెప్టెన్ గారి భుజం అతుక్కుంది. అదే గరుసు నేల, అదే టెంటు. నేను వచ్చిన దినం దావీదన్న పలకరించలేదు. పెట్రోలు పోసేవాడు, తోలు ఉతుక్కునేవాడు, అడిగినదానికి మాత్రం జవాబు చెప్పేవాడు. నేనూ ఎక్కువ మాట్లాడించలేదు.

మహర్నవమి వచ్చింది. పూజ మానేద్దామా అనుకున్నాను. గుండప్ప శెట్టి గారు ఈసారి పక్షి నోటి మాట ఎత్తలేదు పాపం, పూలు మాత్రం తెచ్చారు. మానలేదు. ఫ్యానుకు, చక్రాలకు, తోకకు పెట్టాను. తర్వాత స్టూలు ఎక్కి మూతకు కూడా పెట్టాను. అందరూ నా వైపు బిత్తరపోయి చూశారు. భయపడి వదిలేస్తే నేను నేర్చుకున్నది ఏమిటి?

పండగ రెండు దినాలూ విమానం కదలలేదు. మూడో పొద్దు చీపురు పుల్ల చెవిలో దోపుకుని టెంటులోంచి బయటికి వచ్చేసరికి, స్టూలు పక్కన దావీదన్న నిలబడి ఉన్నాడు. చేతిలో తడిగుడ్డ. బాగా పిండి, మడత పెట్టి తెచ్చాడు.

"తుడుసు సారూ" అన్నాడు. "నేను సూస్తాంటా."

ఎక్కి తుడిచాను. గుడ్డ పచ్చబడింది. పుల్ల దూర్చాను, తీశాను, ఆయనకు కనబడేటట్టు పైకెత్తి పట్టుకున్నాను. ఆయన మెడ ఎత్తి పుల్ల కొన దాకా చూశాడు. చేయి చాచి నా దగ్గర నుంచి గుడ్డ తీసుకున్నాడు.

"దిగు నారాయణప్పా, జారతావు" అన్నాడు.